రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్: బ్లాక్ వేయించుకోవాలా, మత్తు డాక్టర్‌ని ఏం అడగాలి, ఏం చెప్పాలి

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి డేట్ ఇచ్చాక ఇంట్లో వాళ్లంతా సర్జన్‌ని వంద ప్రశ్నలు అడుగుతారు, మత్తు డాక్టర్‌ని మాత్రం ఒక్కటే అడుగుతారు, "మత్తులోంచి సరిగ్గా లేస్తుంది కదండీ?" అని. లేస్తుంది. ఆ భయం ఉండటం సహజమే గానీ, మీరు అడగాల్సిన అసలు సంగతులు వేరే ఉన్నాయి. ఆపరేషన్ అయిన రోజు రాత్రి నొప్పి ఎంత ఉంటుంది, ఎన్నిసార్లు వాంతి అవుతుంది, మర్నాడు పొద్దున చెయ్యి ఎత్తి జుట్టు సరిచేసుకోగలుగుతుందా, ఇవన్నీ చాలావరకు మత్తు ఎలా ఇచ్చారన్న దాని మీదే ఆధారపడతాయి. నేనూ ఆ పనిలోనే ఉన్నాను కాబట్టి, మా వైపు నుంచి ఏం జరుగుతుందో, మీ వైపు నుంచి ఏం చేస్తే మీకు మేలో చెప్తాను.

ఇది రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. "బ్లాక్ వేయించుకుంటే క్యాన్సర్ తిరిగి రాదట కదా" అని ఈమధ్య తరచుగా అడుగుతున్నారు. బ్లాక్, అంటే నరాల్ని కొన్ని గంటలు మొద్దుబార్చే సూది, మంచిదే, అడిగి మరీ వేయించుకోండి, కానీ ఆ కారణంతో కాదు. ఎందుకో కింద వివరంగా చెప్తాను.

బ్లాక్ అంటే ఏం చేస్తారు

రొమ్ముకి, దాని మీద చర్మానికి స్పర్శనిచ్చే నరాలు ఎక్కువగా వెన్నెముక పక్కనుంచి బయల్దేరి పక్కటెముకల సందుల్లోంచి ముందుకి వస్తాయి. ఆ దారిలో ఒకచోట బుపివకెయిన్ గానీ రోపివకెయిన్ గానీ, అంటే మొద్దుబారే మందు, సూదితో పోసి ఆ నరాల్ని కొన్ని గంటలపాటు మొద్దుబారేలా చేయడమే బ్లాక్. బ్లాక్ అనగానే మెలకువగా ఉంచి కోస్తారేమో అని బెదిరిపోతారు, అదేం లేదు, మన దగ్గర ఎక్కువ కేసుల్లో పూర్తి మత్తు ఎలాగూ ఇస్తారు, దానికి తోడుగా ఇది వేస్తారు. గుండె బాగా బలహీనంగా ఉన్నవాళ్లకి, ఊపిరితిత్తుల జబ్బు ముదిరిన పెద్దవాళ్లకి మాత్రం పూర్తి మత్తు లేకుండా బ్లాక్ మీదే, కాస్త నిద్రమందు ఇచ్చి ఆపరేషన్ చేసే సందర్భాలు ఉన్నాయి, అది వేరే లెక్క.

బ్లాకుల్లో రకాలు ఉన్నాయి. పేర్లు తెలిస్తే అడగడం సులువు.

పారావర్టెబ్రల్ బ్లాక్ అన్నిటికన్నా పాతది, 1905లో జర్మనీలో హ్యూగో సెల్‌హైమ్ మొదలుపెట్టాడు, తర్వాత చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు, 1979లో మళ్లీ వెలుగులోకి వచ్చింది. వెన్నెముక పక్కనే, ఊపిరితిత్తి పొరకి దగ్గర్లో సూది పెట్టాలి కాబట్టి చేయి తిరిగినవాళ్లు వేయాలి. రొమ్ము మొత్తం తీసేసే ఆపరేషన్‌కి దీని మీద ఉన్నంత రుజువు మిగతావాటి మీద లేదు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ల నొప్పి మీద 2020లో వచ్చిన ప్రాస్పెక్ట్ అనే నిపుణుల బృందం మార్గదర్శకాలు కూడా పెద్ద ఆపరేషన్లకి మొదట దీన్నే చెప్పాయి.

పెక్స్ బ్లాక్ కొత్తది, 2011, 2012లలో రఫాయెల్ బ్లాంకో రెండు అంచెలుగా పరిచయం చేశాడు. దీనికి వీపు వైపు పోనక్కర్లేదు. భుజం కింద, ఛాతీ కండరాల పొరల మధ్య మందు పోస్తారు. పేషెంట్‌ని పక్కకి తిప్పే పని లేదు, మత్తు ఇచ్చాక కూడా వేయొచ్చు, చంక వైపు కూడా కొంత పనిచేస్తుంది. ఛాతీ కండరాలకి వెళ్లే నరాలు మెడ వైపు నుంచి వస్తాయి కాబట్టి వాటిని పారావర్టెబ్రల్ అందుకోలేదు, పెక్స్ అందుకుంటుంది. అందుకే మా వాళ్లలో చాలామంది ఇప్పుడు దీనికే మొగ్గు చూపుతున్నారు. చిక్కల్లా ఎక్కడంటే, కొందరు సర్జన్లు "మీరు నీళ్లు పోసి పొరలన్నీ ఉబ్బించేశారు, నాకు సరిగ్గా కనపడట్లేదు" అని విసుక్కుంటారు. అది సర్జనూ మత్తు డాక్టరూ తేల్చుకోవాల్సిన విషయం, మీరు మధ్యలో పడొద్దు.

సెరాటస్ బ్లాక్, ఎరెక్టర్ స్పైనీ బ్లాక్ అని మరో రెండు ఉన్నాయి. రెండోది 2016లో వచ్చింది, వేయడం తేలిక, ప్రమాదం తక్కువ, అందుకే వేగంగా పాకింది, కానీ ఒకరికి బ్రహ్మాండంగా పనిచేసి ఇంకొకరికి అసలు పనిచేయనట్టు ఉంటుంది. నా మట్టుకు నాకు మిగతావి కుదరనప్పుడే అది. గడ్డ ఒక్కటే తీసే చిన్న ఆపరేషన్ అయితే ఇవేవీ లేకపోయినా ఫర్వాలేదు, కుట్లు వేసే ముందు సర్జన్ కోసినచోట మొద్దుబారే మందు ఎక్కించి, నొప్పి మాత్రలు టైముకి ఇస్తే చాలామందికి సరిపోతుంది.

క్యాన్సర్ తిరిగి రాకుండా ఆపుతుందా

ఈ మాట గాల్లోంచి పుట్టలేదు. ఆపరేషన్ సమయంలో ఒళ్లు ఒత్తిడికి లోనై, క్యాన్సర్ కణాల్ని చంపే రోగనిరోధక కణాలు కొంతసేపు మందగిస్తాయని, మత్తు గ్యాసులు, మార్ఫిన్ లాంటి మందులు దానికి తోడవుతాయని ల్యాబుల్లో కనిపించింది. మరి బ్లాక్ వేసి ఆ ఒత్తిడినీ మార్ఫిన్‌నీ తగ్గిస్తే? 2006లో డబ్లిన్ డాక్టర్లు తమ పాత కేస్ షీట్లు తిరగేసి 129 మంది పేషెంట్ల లెక్క చూశారు. పారావర్టెబ్రల్ బ్లాక్ వేసినవాళ్లలో మూడేళ్లకి 94 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు, వేయనివాళ్లలో అది 77 శాతం. ఆ అంకె చూసి ప్రపంచంలో మత్తు డాక్టర్లందరం ఉత్సాహపడిపోయాం. ఇప్పటికీ వీడియోల్లో చెప్పేది ఈ అంకెనే, ఆ తర్వాత జరిగింది మాత్రం చెప్పరు.

పాత కేస్ షీట్ల లెక్కలో ఒక లోపం ఉంటుంది. ఎవరికి బ్లాక్ వేయాలో ఆ రోజు డాక్టర్లు తమకి తోచినట్టు ఎంచుకున్నారు కాబట్టి, తేడా బ్లాక్ వల్ల వచ్చిందో ఎంచుకున్న పేషెంట్ల వల్ల వచ్చిందో తేలదు. అందుకే ఆ వరసలోనే 2007లో పెద్ద పరిశోధన మొదలుపెట్టారు. అమెరికా, ఐర్లండ్, చైనా, జర్మనీ, అర్జెంటీనాతో సహా 8 దేశాల్లో 13 ఆసుపత్రులు, రెండు వేల పైచిలుకు ఆడవాళ్లు, ఎవరికి ఏ మత్తో చీటీ తీసినట్టు నిర్ణయించారు. ఒక గుంపుకి బ్లాక్, దానితోపాటు రక్తనాళంలోకి ఎక్కించే ప్రొపోఫాల్ అనే మత్తుమందు. ఇంకో గుంపుకి సెవోఫ్లూరేన్ గ్యాస్, మార్ఫిన్ జాతి మందులు. 2019లో లాన్సెట్ పత్రికలో ఫలితం వచ్చింది. క్యాన్సర్ తిరగబెట్టినవాళ్లు బ్లాక్ గుంపులో 102 మంది, గ్యాస్ గుంపులో 111 మంది, అంటే రెండు వైపులా దాదాపు పది శాతం. తేడా లేదు. ఆరు నెలల తర్వాత కోసినచోట నొప్పి ఉందన్నవాళ్లు కూడా రెండు వైపులా 52 శాతమే.

కాబట్టి మీ ఆసుపత్రిలో బ్లాక్ వేయలేదని, పూర్తి మత్తు గ్యాస్‌తో ఇచ్చారని, దానివల్ల జబ్బు తిరిగొస్తుందేమో అని మనసు పాడుచేసుకోవద్దు. ఎవరైనా "మా దగ్గర స్పెషల్ మత్తు ఇస్తాం, క్యాన్సర్ మళ్లీ రాదు" అని చెప్పి అదనంగా డబ్బు అడిగితే అక్కడే అనుమానించండి.

ఇక్కడ ఒక సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే రెండిటినీ కలిపేసి గందరగోళపడుతున్నారు. ముంబై టాటా మెమోరియల్ వాళ్ల నాయకత్వంలో మన దేశంలోనే 11 ఆసుపత్రుల్లో, 2011 నుంచి ఒక పరిశోధన జరిగింది. అందులో వేసింది నరాల బ్లాక్ కాదు. పేషెంట్ మత్తులోకి వెళ్లాక, కోత పెట్టడానికి 7 నుంచి 10 నిమిషాల ముందు, సర్జనే గడ్డ చుట్టూ 0.5 శాతం లిడోకెయిన్ అనే మొద్దుబారే మందు ఎక్కించారు. దాదాపు 1,600 మందిలో అయిదేళ్లకి చూస్తే, జబ్బు లేకుండా ఉన్నవాళ్లు లిడోకెయిన్ గుంపులో 86.6 శాతం, లేని గుంపులో 82.6 శాతం. బతికి ఉన్నవాళ్లు 90.1, 86.4 శాతం. 2023లో డాక్టర్ రాజేంద్ర బడ్వే బృందం దీన్ని ప్రచురించింది. పంటి డాక్టర్ దగ్గర కూడా దొరికే చవక మందు అది. అయితే ఆ పరిశోధనలో ఉన్నది తొలి దశ క్యాన్సర్‌తో, ముందు కీమో లేకుండా నేరుగా ఆపరేషన్‌కి వచ్చినవాళ్లు. మీరు ముందే కీమో తీసుకుని ఉంటే ఆ అంకెలు మీకు వర్తిస్తాయని చెప్పలేం. అన్నిచోట్లా ఇది మామూలు పద్ధతి అయిపోలేదు కూడా. అడగాలనిపిస్తే సర్జన్‌ని అడగండి, "టాటా వాళ్లు గడ్డ చుట్టూ లిడోకెయిన్ వేశారంట కదా సార్, మా కేసుకి పనికొస్తుందా?" అని. తప్పేం లేదు, వినే సర్జన్ వింటాడు.

మరి బ్లాక్‌తో ఒరిగేదేంటి

మొదటి రోజు. అంతే, కానీ ఆ మొదటి రోజు చిన్న విషయం కాదు.

బ్లాక్ సరిగ్గా పడితే నొప్పి బాగా తగ్గుతుంది, మార్ఫిన్, ఫెంటనిల్, ట్రమడాల్ లాంటివి తక్కువ పడతాయి. అవి తక్కువ పడితే వాంతులు, వికారం, మగత తగ్గుతాయి. ఆపరేషన్ తర్వాత వాంతుల రిస్క్ కొలవడానికి మేం వాడే లెక్క ఒకటి ఉంది, ఆప్ఫెల్ స్కోర్ అంటారు, మీరే ఇంట్లో వేసుకోవచ్చు. నాలుగు ప్రశ్నలు: ఆడమనిషా, సిగరెట్ అలవాటు లేదా, బస్సు ప్రయాణంలో గానీ ఇదివరకటి ఆపరేషన్ తర్వాత గానీ వాంతులయ్యాయా, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి మందులు పడతాయా. ఒక్కోదానికి ఒక పాయింటు. సున్నా అయితే రిస్క్ పది శాతం, తర్వాత ఒక్కో పాయింటుకి సుమారు 20, 40, 60, 80 శాతం. ఇప్పుడు చూడండి, మన ఇళ్లలో అమ్మలకీ అత్తయ్యలకీ మొదటి రెండు పాయింట్లు పుట్టుకతో వచ్చినట్టే, శ్రీశైలం ఘాట్ రోడ్డులో కవర్ పట్టుకుని కూర్చునే మనిషైతే మూడు, ట్రమడాల్ ఎక్కించారా నాలుగు. ఆ నాలుగిట్లో మనం మార్చగలిగేది చివరిదొక్కటే. బ్లాక్ ఉపయోగం అక్కడ. మూడు, నాలుగు పాయింట్లు ఉన్నవాళ్లకి వాంతులు రాకుండా ముందే ఒకటికి రెండు మందులు, అంటే డెక్సామెథసోన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి కలిపి ఇస్తారు. షుగర్ ఉంటే డెక్సామెథసోన్ తర్వాత ఒకరోజు షుగర్ పెరగొచ్చు, చూసి కంగారు పడకండి.

నెలల తరబడి ఉండే నొప్పి సంగతి వేరు. చిన్న చిన్న పరిశోధనలు కలిపి చూస్తే బ్లాక్ దాన్ని తగ్గిస్తుందేమో అనిపించింది, పైన చెప్పిన పెద్ద పరిశోధనలో మాత్రం తగ్గలేదు. దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దనే నేను చెప్తాను.

పీఏసీ రోజు, అంటే మత్తు డాక్టర్ ఫిట్‌నెస్ చూసే రోజు

చాలామంది దీన్ని ఒక సంతకం పని అనుకుంటారు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది, నిజమే, కానీ ఆ ఐదు నిమిషాలే మీ చేతిలో ఉన్నవి. పేషెంటే మాట్లాడాలి. పక్కన కొడుకో అల్లుడో కూర్చుని అన్నిటికీ తనే జవాబిస్తుంటే, బస్సులో వాంతులవుతాయన్న సంగతి బయటికి రాదు.

వాడే మందులన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, చీటీ కాదు, మందులే. ముఖ్యంగా వీటి గురించి అడక్కపోయినా చెప్పండి. రక్తం పల్చబడే మందులు: క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, కొత్తగా వచ్చిన ఎపిక్సబాన్ లాంటివి, ఆస్పిరిన్ కూడా. పారావర్టెబ్రల్ లోతుగా వేసే బ్లాక్ కాబట్టి ఇవి వాడుతుంటే అది కుదరకపోవచ్చు, అప్పుడు పైపైన వేసే పెక్స్ లాంటిది ఆలోచిస్తారు. గుండెకి స్టెంట్ ఉన్నవాళ్లు వీటిని ఎవరో చెప్పారని సొంతంగా ఆపేయకండి, ఆపాలో వద్దో గుండె డాక్టరూ మత్తు డాక్టరూ కలిసి చెప్పాలి. షుగర్ మందుల్లో డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో చూసుకోండి, వీటిని మామూలుగా ఆపరేషన్‌కి 3 రోజుల ముందే ఆపమంటారు, ఎందుకంటే ఖాళీ కడుపుతో అవి రక్తంలో ఆమ్లాన్ని పెంచుతాయి, షుగర్ రీడింగ్ మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఈ ఒక్కటి మర్చిపోయి ఓటీ (ఆపరేషన్ థియేటర్) దాకా వచ్చి వాయిదా పడిన కేసులు కోకొల్లలు. బరువు తగ్గడానికి వారం వారం తీసుకునే ఇంజెక్షన్లు, ఆయుర్వేదం మందులు, పసరు, కషాయం, ఏదైనా సరే చెప్పండి, తిట్టరు. తిట్టినా చెప్పండి.

కీమో ముందే అయిపోయి ఉంటే ఎన్ని సైకిళ్లు, ఏ మందులు, ఎకో (గుండె స్కాన్) రిపోర్ట్ ఎప్పటిది, ఇవి కావాలి. చేతులు కాళ్లు తిమ్మిర్లుగా ఉంటున్నాయా, అది కూడా చెప్పాలి, ఎందుకంటే బ్లాక్ తర్వాత కొత్తగా తిమ్మిరి వచ్చిందో పాతదో తర్వాత తేల్చడం కష్టం. పంటి దగ్గర సూది వేసినప్పుడు గతంలో ఏమైనా ఇబ్బంది అయిందా, వెన్నుకి ఆపరేషన్ అయిందా, వీపు మీద సూది వేసేచోట సెగగడ్డలేమైనా ఉన్నాయా.

ఇక అడగాల్సినవి. వినయంగానే, కానీ సూటిగా అడగండి:

"డాక్టర్ గారూ, ఈ ఆపరేషన్‌కి నొప్పి తగ్గడానికి బ్లాక్ వేస్తారా? ఏది వేస్తారు?"
"సూది ఎక్కడికి పోతోందో స్కానింగ్ (అల్ట్రాసౌండ్) మెషిన్‌లో చూస్తూ వేస్తారా?"
"చంకలో గ్రంథులు కూడా తీస్తారంట, అక్కడికీ పనిచేస్తుందా?"
"నాకు బస్సులో వాంతులు ఎక్కువ, దానికేం ఇస్తారు?"
"బ్లాక్ దిగిపోయాక రాత్రి నొప్పికి ఏం రాసి పెడతారు?"

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం, అది ఎవరూ అడగరు.

"మేం ఇక్కడ బ్లాకులు వేయం" అని జవాబు రావచ్చు. దానికి కారణాలు చాలా ఉంటాయి. బ్లాక్ వేయడానికి పదీ ఇరవై నిమిషాలు పడుతుంది, రోజుకి ఆరేడు కేసులున్న ఓటీలో అది ఎక్కువే. స్కానింగ్ మెషిన్ కావాలి. మన దేశంలో లింగ నిర్ధారణ చట్టం కింద ఓటీలో వాడే స్కానింగ్ మెషిన్‌ని కూడా రిజిస్టర్ చేయించాలి, ఆ కాగితాల గొడవ పడలేక కొన్ని చిన్న ఆసుపత్రులు కొననే కొనవు. (గర్భిణికీ రొమ్ము ఆపరేషన్‌కీ సంబంధం ఏంటని మీరు అడగొచ్చు, మేమూ అదే అడుగుతుంటాం.) అలాంటి చోట పోట్లాడకండి, ఆసుపత్రి మార్చేయకండి. క్యాన్సర్ ఆపరేషన్ బాగా చేసే సర్జన్ దొరకడం బ్లాక్ కన్నా చాలా పెద్ద విషయం. "అయితే కోసినచోట మొద్దుబారే మందు ఎక్కిస్తారా, పారాసిటమాల్ టైము ప్రకారం రాస్తారా?" అని అడగండి. బ్లాక్ లేకపోయినా ఈ రెండూ సరిగ్గా జరిగితే రాత్రి చాలావరకు గడిచిపోతుంది.

ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద చేయించుకునేవాళ్లు బ్లాక్‌కి విడిగా డబ్బు కట్టాలా అని ముందే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రని అడిగి తేల్చుకోండి, తర్వాత బిల్లు దగ్గర గొడవ ఉండదు.

రిస్కులు, దాచకుండా

పారావర్టెబ్రల్ వేసేటప్పుడు సూది ఊపిరితిత్తి పొరకి తగిలి గాలి చేరే ప్రమాదం ఉంది. స్కానింగ్ లేకుండా వేసే రోజుల్లో, 1995లో వచ్చిన లెక్క ప్రకారం ఇది రెండొందల మందిలో ఒకరికి, బ్లాక్ అసలు పనిచేయకపోవడం పదిమందిలో ఒకరికి. స్కానింగ్ చూస్తూ వేస్తే ప్రమాదం ఇంకా తక్కువ. కొందరికి బీపీ కాస్త పడుతుంది. కొందరికి అటువైపు కనురెప్ప కొన్ని గంటలపాటు వాలిపోతుంది, చూసి పక్షవాతం అనుకుని ఏడ్చేస్తారు ఇంట్లోవాళ్లు, నర్సుకి చెప్పండి, డాక్టర్ వచ్చి చూస్తారు, బ్లాక్ వల్లే అయితే మందు దిగాక దానంతటదే సర్దుకుంటుంది. మొద్దుబారే మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువగా వెళ్తే చెవుల్లో గుయ్యిమనడం, నోట్లో ఇనుము రుచి, పెదాల చుట్టూ తిమ్మిరి, అరుదుగా ఫిట్స్. మెలకువగా ఉండగా బ్లాక్ వేస్తుంటే వీటిలో ఏది అనిపించినా వెంటనే నోరు తెరిచి చెప్పాలి. దీనికి విరుగుడుగా కొవ్వు ద్రావణం ఎక్కిస్తారు, బ్లాకులు వేసే ఓటీలో అది ఉండి తీరాలి.

ఆపరేషన్ రోజు

"రాత్రి పది తర్వాత పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకు" అన్న మాట ఇప్పటికీ వింటున్నాం, మధ్యాహ్నం రెండింటికి ఆపరేషన్ అయినా సరే. ఘన పదార్థాలకి 6 గంటలు, మంచినీళ్లకి 2 గంటలు చాలు, ఎక్కువమందికి వర్తించే నియమం ఇదే. పాలు, పాలు పోసిన టీ, మజ్జిగ నీళ్ల కింద రావు, అన్నం కిందే లెక్క. మీ టైము ఎంతో కనుక్కుని ఎప్పటిదాకా నీళ్లు తాగొచ్చో గంటతో సహా రాయించుకోండి. ఎండిపోయిన ఒంటితో ఓటీలోకి వచ్చిన మనిషికి బీపీ తొందరగా పడుతుంది, వాంతులూ ఎక్కువే.

బీపీ మాత్రల్లో కొన్ని ఆ పొద్దున గుక్కెడు నీళ్లతో వేసుకోమంటారు, టెల్మిసార్టన్ లాంటివి చాలాసార్లు వద్దంటారు, ఏది వేసుకోవాలో పీఏసీ రోజే మందుల అట్టల మీద పెన్నుతో గుర్తు పెట్టించుకోవడం మంచిది. ముందువైపు గుండీలున్న వదులు నైటీ ఒకటి పెట్టుకోండి, తలమీంచి వేసుకునేది ఆ రాత్రి కుదరదు. ఏ వైపు ఆపరేషనో స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టారో లేదో చూసుకోండి. బ్లాక్ కూడా అదే వైపు వేయాలి కదా.

మొదటి రాత్రి

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు. బ్లాక్ బాగా పనిచేస్తే సాయంత్రం పేషెంట్ నవ్వుతూ మాట్లాడుతుంది, ఫోన్లో చుట్టాలందరికీ "ఏం నొప్పి లేదే" అని చెప్తుంది, నర్సు మాత్ర తెస్తే "వద్దులేమ్మా, నొప్పి లేదు" అంటుంది. మందు మామూలుగా 8 నుంచి 24 గంటల మధ్య ఎప్పుడో దిగుతుంది, అది సరిగ్గా తెల్లవారుజామున రెండింటికి కావొచ్చు, అప్పుడు నొప్పి ఒక్కసారిగా వచ్చి మీద పడుతుంది. అప్పుడు మాత్ర వేస్తే పనిచేయడానికి గంట. కాబట్టి నొప్పి లేకపోయినా, రాసిన పారాసిటమాల్ రాసిన టైముకి వేసుకోవాలి. పెద్దవాళ్లకి మామూలుగా ఒక గ్రాము చొప్పున ఆరు గంటలకోసారి, రోజుకి 4 గ్రాములు దాటకూడదు. 50 కిలోల లోపు బరువున్నవాళ్లకి, లివర్ సమస్య ఉన్నవాళ్లకి ఇంకా తగ్గిస్తారు. దాంతోపాటు ఐబుప్రోఫెన్ లాంటిది ఇస్తే ఇంకా బాగా పనిచేస్తుంది, కిడ్నీ, అల్సర్, ఉబ్బసం ఉన్నవాళ్లకి మాత్రం డాక్టర్ చెప్తేనే. ట్రమడాల్ చివరి ఆయుధంగా ఉంచుకోండి, వాంతులు ఎక్కువ తెప్పించేది అదే.

నర్సు వచ్చి "నొప్పి పదిలో ఎంత?" అంటే "పర్లేదమ్మా" అనకండి. మన ఆడవాళ్లకి ఇది అలవాటు, కాన్పు నొప్పులు పడ్డాం ఇదెంత అనుకుంటారు. "పర్లేదు" అని కేస్ షీట్లో రాయలేరు, అంకె చెప్పండి. పడుకున్నప్పుడు ఎంత, చెయ్యి కదిపితే ఎంత, దగ్గితే ఎంత, విడివిడిగా. నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయకపోతే కఫం పేరుకుంటుంది, చెయ్యి కదపకపోతే భుజం బిగుసుకుంటుంది, అందుకే కదిలినప్పటి అంకే మాకు ముఖ్యం.

ఛాతీ, వీపు మీద తిమ్మిరి ఉన్నంతసేపు అక్కడ వేడినీళ్ల సంచి పెట్టకండి, చర్మం కాలినా తెలియదు. నొప్పి నూనెలూ వద్దు. అటువైపు చెయ్యి కూడా మొద్దుగా ఉంటే దిండు మీద ఆనించి ఉంచండి, లేపి నడిపించేటప్పుడు ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఊపిరి ఆడకపోవడం, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పొడిచినట్టు ఉండటం, కట్టు తడిసిపోయి ఆ వైపు ఉబ్బడం, డ్రెయిన్ (గాయంలోని ద్రవం బయటికి తీసే గొట్టం) సీసా గబగబా ఎర్రగా నిండటం, వీటికి పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే నర్సుని పిలవండి.

ఇంటికొచ్చాక

చెయ్యి కదిపే వ్యాయామాలు ఎప్పటినుంచి, ఎంతవరకు అనేది సర్జన్‌ని, ఫిజియోథెరపిస్ట్‌ని అడిగి రాయించుకోండి, డ్రెయిన్ ఉన్నన్నాళ్లు కొన్ని పరిమితులు ఉంటాయి. వ్యాయామానికి అరగంట, ముప్పావుగంట ముందు నొప్పి మాత్ర వేసుకుంటే ఎక్కువ కదపగలుగుతారు. చంకలో గ్రంథులు తీసినవాళ్లకి మోచేతి పైన లోపలివైపు మొద్దుగా ఉండటం చాలా మామూలు, అక్కడికి వెళ్లే నరం చంకలోంచే పోతుంది, ఆపరేషన్‌లో అది సాగినా తెగినా అలా అవుతుంది. "మత్తు సూది వల్ల ఇలా అయింది" అని మమ్మల్ని తిట్టుకుంటారు గానీ, బ్లాక్ తిమ్మిరి ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

మూడు నెలలు దాటినా మంట, కరెంటు షాక్ కొట్టినట్టు ఉండటం, బట్ట తగిలినా నొప్పి ఉంటే అది నరాల నొప్పి. డెన్మార్క్‌లో దేశం మొత్తం మీద చేసి 2009లో ప్రచురించిన సర్వేలో, ఆపరేషన్ అయిన ఒకటి నుంచి మూడేళ్ల తర్వాత 47 శాతం మంది ఏదో ఒక నొప్పి ఉందన్నారు, వాళ్లలో 13 శాతం మందికి అది తీవ్రంగా ఉంది. చిన్న వయసువాళ్లకి, చంక గ్రంథులు పూర్తిగా తీసినవాళ్లకి, రేడియేషన్ తీసుకున్నవాళ్లకి ఎక్కువ. కాబట్టి ఇది మీ ఒక్కరి బాధా కాదు, మనసులో పుట్టిందీ కాదు. దీనికి పారాసిటమాల్ పనిచేయదు, నరాల నొప్పికి వేరే మందులున్నాయి, పెద్ద ఆసుపత్రుల్లో పెయిన్ క్లినిక్ ఉంటుంది, మా మత్తు డాక్టర్లే నడుపుతారు చాలాచోట్ల. వెళ్లినప్పుడు టామాక్సిఫెన్ (క్యాన్సర్ తిరిగి రాకుండా వేసుకునే హార్మోన్ మాత్ర) వాడుతుంటే తప్పకుండా చెప్పండి. నరాల నొప్పికీ డిప్రెషన్‌కీ వాడే మందుల్లో కొన్ని దాని పనిని తగ్గించే అవకాశం ఉంది, ఆ సంగతి తెలిస్తే డాక్టర్ వేరే మందు రాస్తారు.